గాలిబావి సుంకులమ్మ నడుము ఆపరేషన్

పుష్యం, మొదటి వారం

పైన దుమ్ముగాలి తిరిగినట్టుంది. పొద్దున గాలిబావి జల్లెడలు విప్పితే ఒక్కోదాని మీద వేలెడు మందాన ఎర్రమన్ను. దులిపి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించాను. ఫ్యాన్ ఆగిన ఆ కాసేపటికే కింది వీధి బడిలో పిల్లలు ఆవలింతలు మొదలుపెట్టారని పంతులమ్మ కబురు పంపింది. తిరిగి వేశాక బావి గొంతులోంచి చల్లగాలి దిగింది. అంతా సరే.

బావి చూసేవాళ్ళు ఏ రోజు పని ఆ రోజు రాసి ఉంచాలని నాపలూరు నియమం. మా ఊరు భూమి లోపలికి దిగి, పాత నాపరాయి గనుల్లో కాపురం పెట్టినప్పటి నుంచీ ఉన్న నియమమే అది. నేను ఇన్నేళ్ళుగా జల్లెడలూ, బేరింగులూ, గాలి వేగమూ తప్ప ఇంకో మాట రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు. నా కాళ్ళు పని చేయకపోతే ఈ బావీ పని చేయదు.

కాసేపు నిటారుగా నిలబడితే చాలు, పిరుదుల నుంచి పిక్కల దాకా మంట దిగుతోంది. ఆ వెంటనే రెండు కాళ్ళూ మొద్దుబారిపోతున్నాయి. కూర్చుని ముందుకు వంగితే తగ్గుతుంది. పుట్టగొడుగుల తోపుడుబండి మీద చేతులానించి, వంగి నడిస్తే ఊరంతా తిరగగలను. బండి వదిలితే పక్కింటి గడప దాకా కూడా పోలేను.

మా ఆయన ఈరన్న పుట్టగొడుగుల తోటలో పని చేస్తాడు. నాకు అరవై ఎనిమిది, ఆయనకు డెబ్బై దాటాయి.

"నాకూ నొస్తాది మే. ఈ వయసులో ఎవురికి నొయ్యదు?" అన్నాడు.

నిచ్చెన ఎక్కేటప్పుడు పాదం మెట్టు మీద పడిందో లేదో వంగి కళ్ళతో చూసుకోవలసి వస్తోందని ఆయనకు చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం.

పుష్యం, చివరి వారం

ఆపరేషన్ బండి వచ్చింది. చలినెలల్లో మాత్రమే అది ఊరూరూ తిరుగుతుంది. ఎండ ముదిరితే పైన రోడ్లు మెత్తబడి చక్రాలు దిగిపోతాయి కాబట్టి ఫాల్గుణం సగానికల్లా కొండల అవతలికి వెళ్ళిపోతుంది. ఊరి పై గుమ్మం లోపల, నీడలో, తెల్లటి పొడుగాటి గదిలాగా నిలబెట్టారు. ఈసారి వచ్చిన డాక్టరు పేరు తబస్సుమ్. నలభై దాటి ఉంటాయి. మాట నిదానం.

ఈరన్నా నేనూ పోయాం. నన్ను ఒక గొట్టంలాంటి దాంట్లో పడుకోబెట్టి తీసిన బొమ్మను గోడ మీద చూపించింది.

"ఇది మీ వెన్ను. పక్క నుంచి చూస్తాన్నారు. ఇక్కడ చూడండి, ఈ పూస ముందుకు జారింది. దాని కిందవి అరిగిపోయి ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. కాళ్ళకు పోయే నరాలన్నీ ఈ సందులోంచే పోవాల. సందు మూసుకుపోతాంది."

"మందుల్లేవా?" అన్నాడు ఈరన్న.

"నొప్పికి ఉండాయి. సందుకు లేవు."

ఆపరేషన్ గురించి చెప్పింది. వీపు మధ్యలో కోసి, కండరాలు పక్కకు లాగి, నరాల మీద కూర్చున్న ఎముకను కొంచెం కొంచెంగా తొలుస్తారు. తర్వాత పూసలు కదలకుండా కడ్డీలు బిగించి, నా ఎముకలోంచే తీసిన జీవకణాలను వలలాంటి ఒక జాలి మీద పరిచి లోపల పెడతారు. ఆరు నెలల్లో ఆ జాలి నిండా ఎముక పెరిగి అంతా ఒకటే స్తంభం అవుతుంది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం వీధిదీపాలు తగ్గించే దాకా పడుతుంది.

ఆమె చెబుతూ ఉంటే నేను బొమ్మలోని నా ఎముకల వైపే చూస్తున్నాను. అవి నావి అనిపించలేదు.

"ఎంతమందికి బాగయితాది?" అని అడిగాను.

"మీలాంటోళ్ళు పదిమందికి చేస్తే ఏడుగురు ఇప్పటికంటే బాగా నడుస్తారు. ఇద్దరు ఇట్లనే ఉంటారు. ఒకరికి..."

"ఒకరికి?"

"కాళ్ళు పోవచ్చు. మీరు ఇన్నేళ్ళు దుమ్ము పీల్చినారు, ఊపిరితిత్తులు బలంగా లేవు. ప్రాణమే పోవచ్చు. దాచి చెప్పను అమ్మా."

"చేయించుకోకుంటే?"

"ఈ ఎండాకాలం అయ్యేలోపు నిలబడలేకపోవచ్చు. ఒంటికీ రెంటికీ తెలీకుండా పోవచ్చు. లేదా ఏమీ కాకుండా గడిచిపోనూ వచ్చు. అది నేను చెప్పలేను. ఎవురూ చెప్పలేరు."

లేవబోతుంటే ఆపింది.

"ఇంకొకటి. కడ్డీలు బిగించినాక, వీపు మూసేలోపు, మిమ్మల్ని ఒకసారి లేపుతాం. కాలివేళ్ళు కదపమంటాం. నరాల సంగతి చెప్పే యంత్రం బండిలో ఉంది. అయినా నేను మనిషిని అడగందే కుట్లు వెయ్యను. నొప్పి తెలీదు. మాట మాత్రం వినపడతాది."

ఇంటికొచ్చే దారిలో ఈరన్న ముందు నడిచాడు. నేను తోపుడుబండి మీద వంగి నడుస్తూ, వీపు తెరిచి ఉండగా మెలకువ రావడం ఎట్లా ఉంటుందో ఊహించుకోకుండా ఉండాలని చూశాను. కుదరలేదు. ఆ రోజు నుంచీ వీపు మీద ఈగ వాలినా ఒళ్ళు జలదరిస్తోంది.

మాఘం, మొదటి వారం

అక్క దగ్గరికి పోయాను.

మా అక్క తిరుపాలమ్మకు రెండు చలికాలాల కిందట ఇదే ఆపరేషన్ చేశారు. అప్పుడొచ్చిన బండి వేరు, డాక్టరు వేరు. వంగి వంగి నడుచుకుంటూ లోపలికి పోయిన మనిషి మంచం మీద బయటికొచ్చింది. నడుము కింద ఆమెకు ఏమీ తెలియదు. పైవీధిలో కూతురి ఇంట్లో ఉంటోంది. వాలుదారి పొడవునా కూర్చుంటూ, లేస్తూ బండి తోసుకుని పోయాను.

దిండ్లకు ఆనుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. నేను పలకరించి, సొంత అక్కను అడగకూడని మాట అడిగేశాను.

"అక్కా, నేను చేయించుకోవాల్నా, వద్దా?"

"నన్నడగద్దు."

"ఇంకెవుర్ని అడగాల?"

"వద్దంటే, దీనికి కాళ్ళు పోయినాయి గాబట్టి వద్దంటాంది అనుకుంటావు. చేయించుకో అంటే, తనకు తోడు వెతుక్కుంటాంది అనుకుంటావు. నేనేం చెప్పినా దాంట్లో నా కాళ్ళే ఉంటాయి సుంకూ."

నా చేతిలో ఒక వెల్లుల్లిపాయ పెట్టింది. ఇద్దరం ఒలుస్తూ కూర్చున్నాం. ఒలుస్తూనే ఆమే అడిగింది.

"భయమేస్తాందా?"

"ఆఁ."

"ఎంత?"

ఎంత అని అంతవరకూ ఎవరూ అడగలేదు. "ఫ్యాన్ ఆపుతానే చెవుల్లో ఒక రకంగా గుయ్యిమంటాది గదా. ఇంగ గాలి రాదేమో అనిపిస్తాది గదా. పొద్దున లేచినప్పటి నుంచీ అట్లనే ఉంటాంది" అన్నాను.

అక్క తల ఊపింది.

"నాకూ అట్లనే ఉన్నింది. ఒక్కరితో గూడా చెప్పనీలేదు నన్ను. నోరు తెరిస్తే చాలు, ధైర్యంగుండు, ఏం గాదు, ఏం గాదు. ఆ బల్ల మీద పండుకునే దాకా వాళ్ళందరికీ నేనే ధైర్యం చెప్పినా. కాళ్ళ కోసం ఏడ్చి ఏడ్చి ఇడిసిపెట్టినా. నన్ను చెప్పనీయని దానికి మాత్రం ఇంకా కోపం పోలేదు నాకు."

తర్వాత గొంతు తగ్గించి అంది: "నువ్వు ఏం చేసినా భయపడతానే చెయ్యి. భయం లేనట్టు ఎవురికోసరమూ ఆడద్దు."

దిగి వచ్చేటప్పుడు వాలు నా బండిని ముందుకు లాగుతోంది. వీధి మలుపు దాకా వచ్చాక గుర్తొచ్చింది. అక్క దగ్గర అంతసేపు కూర్చున్నాను, దుప్పటి కింద నుంచి బయటికి వచ్చిన ఆమె పాదాల వైపు ఒక్కసారి కూడా చూడలేకపోయాను.

మాఘం, చివరి వారం

అక్షరాలు సరిగా రావడం లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున జల్లెడలు దులపడానికి బావి గొంతులోకి ఎక్కాను. కింద మీట దగ్గర నాతో పని చేసే హుసేనప్ప ఉన్నాడు. ఫ్యాన్ ఆపాడు. నడుముకు పట్టీ కట్టుకుని ఇనుపనిచ్చెన మీద ఉన్నాను. ఒక జల్లెడ విప్పి పక్కన తగిలించాను. రెండోదాని కోసం చెయ్యి చాచినప్పుడు నిచ్చెన పైకి జరిగినట్టు అనిపించింది. జరిగింది నిచ్చెన కాదు, నేను. కుడికాలు మెట్టు మీద నుంచి జారిపోయింది. జారినట్టు నాకు తెలియనే లేదు. కిందికి చూస్తే అది గాల్లో వేలాడుతోంది.

పైకి పెట్టు అనుకున్నాను. కాలు కదలలేదు. నోటితో కూడా చెప్పాను, పైకి పో, మెట్టు మీద పెట్టు అని. ఎవరి కాలో అన్నట్టు అది అట్లానే ఊగుతోంది. ఎడమకాలు కూడా వణకడం మొదలుపెట్టింది. చేతులతో మెట్టు పట్టుకున్నాను. ఆ తర్వాత చేతులూ పట్టు తప్పాయి. పట్టీ ఒక్కటే నన్ను ఆపింది.

బావి గొంతులో మనిషి ఉండగా ఫ్యాన్ వేయకూడదు. నేను దిగే దాకా కింది వీధికి గాలి లేదు. కింద జనాన్ని పైవీధికి తోలుతున్న కేకలు వినపడుతున్నాయి. ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తోంది. నా వల్ల అనుకున్నాను. ఊపిరి గట్టిగా పీల్చడానికి కూడా సిగ్గేసింది.

హుసేనప్ప తాడు తీసుకుని ఎక్కాడు. నన్ను తన భుజానికి ఆనించుకుని, చంకల కింద తాడు కట్టి, మెట్టు మెట్టుకూ దించాడు. దించుతుండగా నా చీర తడిసింది. ఆపుదామన్నా నాకు తెలిస్తే కదా. నా కిందిమెట్టు మీదున్న ఆయన మొహం మీద పడింది. మోచేత్తో తుడుచుకుని, "నీళ్ళ సీసా మూత ఊడినట్టుందిలే అక్కా" అన్నాడు. నా దగ్గర నీళ్ళ సీసా లేదు.

ఫ్యాన్ తిరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

బావి తాళంచెవి హుసేనప్పకు ఇచ్చేశాను. వద్దనలేదు. వద్దంటాడేమోనని చూశాను.

ఫాల్గుణం రాకముందు

ఈరన్నా నేనూ పోట్లాడుకున్నాం. పెళ్ళయ్యాక ఇంత గట్టిగా ఎప్పుడూ అరుచుకోలేదు. పక్కింటివాళ్ళు దీపం పెద్దది చేశారు.

"ఆ బండిలోకి పోతే ప్రాణం పోతాది. ఇంట్లో ఉంటే మంచాన పడతావు, అంతే గదా? పడితే పడు. నేను ఎత్తుతా, కడుగుతా. నాకు చేతులుండాయి."

"నువ్వు ఎత్తుతావు. ఎత్తించుకునేది నేను గదా. అది నీకు తెలుస్తాందా?"

"మీ అక్క ఎత్తించుకోలేదా?"

"దాన్నడుగు పో, ఎట్లుందో."

లేచి బయటికి పోయాడు. నేను ఒక్కదాన్నే మంచం మీద కూర్చుని నా కుడి పాదాన్ని గోటితో గీశాను. మడమ దగ్గర తెలిసింది. వేళ్ళ దగ్గర తెలియలేదు. నిన్న ఎక్కడి దాకా తెలిసిందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. బహుశా ఇంకొంచెం పైదాకా తెలిసి ఉంటుంది. బహుశా లేదు.

అన్నం వేళకు తిరిగొచ్చాడు. సంగటి ముద్ద చేసి నా పళ్ళెంలో పెట్టాడు. తను తినలేదు.

"నాకు భయం మే" అన్నాడు గోడ వైపు చూస్తూ. "నిన్ను లోపలికి తీసకపోయి తలుపు మూస్తారు. పొద్దంతా. నేను ఆ తలుపు బయట ఏం చెయ్యాల? యాడ చూడాల?"

అప్పటిదాకా భయం నాదొక్కదానిదే అనుకున్నాను. ఆయన తిరిగి చూసే దాకా నేనూ తినలేదు.

ఫాల్గుణం, మొదటి వారం

వడగాలి ముందే వచ్చింది. ఇంకా చలి పోలేదనుకుంటుండగానే ఉదయం పై గుమ్మం దగ్గర సైరన్ మోగింది. రేపటి నుంచి పొద్దు పొడిచాక గుమ్మం తెరవరు. ఆపరేషన్ బండి కూడా అనుకున్న దానికంటే ముందే వెళ్ళిపోవాలి.

మధ్యాహ్నం డాక్టరు తబస్సుమ్ స్వయంగా మా వీధికి దిగి వచ్చింది. ఈరన్న పీట వేస్తే కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"చేసేదుంటే ఎల్లుండి పొద్దున చెయ్యాల. తర్వాత మీరు కోలుకునే వారం పొద్దు ఇక్కడే ఉంటాం. అంతకంటే ఆగలేం. వద్దనుకుంటే ఇంగ వచ్చే చలికాలమే."

ఆమెతో ఒక మాట చెప్పాలని రెండు రోజులుగా అనుకుంటున్నాను. ఈరన్నను నీళ్ళ కోసం పంపించి చెప్పాను. కాళ్ళ మధ్యన స్పర్శ పోతోంది. కడుక్కునేటప్పుడు నా చెయ్యి తగిలేది చేతికి తెలుస్తోంది గానీ అక్కడి చర్మానికి తెలియడం లేదు. ఒంటికి పోయినానా లేదా అన్నది చప్పుడు వింటేనే తెలుస్తోంది.

ఆమె అప్పుడు కూర్చుంది.

"ఎప్పటి నుంచి?"

"బావిలో వేలాడిన రోజు నుంచి. ముందు అప్పుడప్పుడు. ఇప్పుడు పొద్దంతా."

"అట్లయితే చలికాలం దాకా ఆగేది మంచిది కాదమ్మా. ఇది పూర్తిగా పోతే తర్వాత ఆపరేషన్ చేసినా తిరిగి రాకపోవచ్చు. నిర్ణయం మీదే. నేను తోసేది లేదు. కానీ ఇది తెలిసినాక, ఆగితే ఏం గాదులే అని నేను అనలేను."

"నీకు భయమేస్తాదా డాక్టరమ్మా, కోసేటప్పుడు?" అని అడిగాను.

"వేస్తాది. ఎముక పోయి నరాల పొరకు అతుక్కొని ఉంటే ఇంకా వేస్తాది. మీకు అతుక్కొని ఉన్నట్టే కనపడతాంది" అంది.

ఆ మాట విని పారిపోవాలనిపించింది. పారిపోవడానికి కాళ్ళు లేవు. నవ్వు కూడా వచ్చింది, ఏడుపు లాంటి నవ్వు. అయినా ఆ మాట చెప్పిన మనిషి చేతుల్లో పడుకోగలననిపించింది. ఏం గాదు అని ఉంటే పడుకోలేకపోయేదాన్ని.

ఈరన్న నీళ్ళు తెచ్చాక ఇద్దరి ముందూ చెప్పాను.

"చేయించుకుంటా. భయంతోనే చేయించుకుంటా. ఎవురూ నాకు ధైర్యం చెప్పొద్దు."

ఈరన్న చెంబు కింద పెట్టి, నా పక్కన కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేశాడు. ధైర్యం చెప్పలేదు. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

ఆపరేషన్ పొద్దున

నిద్ర లేదు. తల దువ్వి ఈరన్న జడ వేశాడు, వంకరగా వచ్చింది. అక్క తన కూతురితో కబురు పంపింది, ఒకే మాట: "నేనూ భయపడతాన్నా." బండి తలుపు దాకా తోపుడుబండి మీద వంగి నడుస్తాను. మంచం మీద పోను.

ఇంక రాయలేను. వేళ్ళకు ఊరికే చెమట పడుతోంది.

ఆ తర్వాతి వారం

బతికి ఉన్నాను. పడుకుని, పుస్తకం పైకెత్తి పట్టుకుని రాస్తున్నాను కాబట్టి వంకర టింకరగా ఉంటుంది. మరిచిపోకముందే మధ్యలో లేపిన సంగతి రాయాలి.

మొదట వినపడింది నా పేరు. బోర్లా ఉన్నాను. మొహం ఒక మెత్తటి గుంటలో ఉంది, కళ్ళు తెరిస్తే నేల ఒక్కటే కనిపిస్తోంది. నేల మీద ఎవరివో నీలం చెప్పులు. ఎక్కడున్నానో వెంటనే తెలియలేదు. బావిలో ఉన్నాననుకున్నాను. తర్వాత తెలిసింది. నా వీపు తెరిచి ఉంది. వీపు వైపు నుంచి చల్లగా ఉంది. నొప్పి లేదు. కదిలితే చచ్చిపోతాననిపించింది.

"సుంకులమ్మా, వినపడతాందా? రెండు చేతులూ పిడికిలి పట్టండి."

పట్టాను.

"బాగుంది. ఇప్పుడు కాలివేళ్ళు కదపండి. రెండు కాళ్ళవీ."

కదిపాను. కదిపానని అనుకున్నాను. నీలం చెప్పులు ఒక అడుగు పక్కకు జరిగాయి.

"ఎడమ కదిలింది" అన్నారు ఎవరో.

"కుడి?"

"లేదు."

"ఇంకోసారి అమ్మా. కుడికాలి వేళ్ళు. గట్టిగా."

నా ఒంట్లో ఉన్న బలమంతా ఆ పాదం వైపు తోశాను. అసలు అక్కడ పాదం ఉన్నట్టే తెలియడం లేదు. అక్క పాదాలు గుర్తొచ్చాయి, ఆ రోజు నేను చూడని పాదాలు. అరవాలనుకున్నాను, గొంతులో గొట్టం ఉంది. కన్నీళ్ళు కారి గుంటలోని గుడ్డలో ఇంకిపోయాయి.

"కదల్లేదు."

తబస్సుమ్ గొంతు మారలేదు. కానీ చాలా నిదానంగా పలికింది. "నిద్రపుచ్చొద్దు. అట్లనే ఉండనీండి. కుడిపక్క కడ్డీ వదులు చేస్తా. సుంకులమ్మా, కడ్డీ గట్టిగా బిగుసుకుంది. కొంచెం వదులు చేస్తాన్నా. చప్పుడు వినపడతాది. భయమేస్తాది. మేమంతా ఇక్కడే ఉండాం."

మర తిప్పుతున్న చప్పుడు నా ఎముకల్లోంచే వినిపించింది. నొప్పి లేదు, ఎవరో నన్ను లోపలి నుంచి లాగుతున్నట్టు మాత్రం ఉంది. ఆ లాగడం ఆగింది. ఎంతసేపు ఆగారో తెలియదు. ఎవరో నా అరచేతిలో చెయ్యి పెట్టారు, ఆ చెయ్యి పట్టుకుని ఉన్నాను.

"ఇప్పుడు."

మళ్ళీ తోశాను. ఏమీ తెలియలేదు.

"ఇంకోసారి."

"ఆఁ! బొటనవేలు. బొటనవేలు కదిలింది డాక్టర్."

"మళ్ళా కదపమను."

"కదిలింది."

నాకు మాత్రం ఏమీ తెలియలేదు. వాళ్ళు చెప్పారు, నేను నమ్మాను. వేరే దారి లేదు. ఆ తర్వాత నిద్ర వచ్చింది.

బయటికి తెచ్చినప్పుడు సాయంత్రం దీపాలు తగ్గించి ఉన్నాయట. ఈరన్న పొద్దంతా ఆ తలుపు ముందే నేల మీద కూర్చున్నాడని హుసేనప్ప చెప్పాడు. తెచ్చిన బువ్వ కూడా తినలేదట. నన్ను చూడగానే ఆయన మొదట మొహం వైపు చూడలేదు, దుప్పటి పైకెత్తి పాదాల వైపు చూశాడు.

ఫాల్గుణం, చివరి వారం

ఆపరేషన్ బండి వెళ్ళిపోయి వారం దాటింది. పోయే ముందు తబస్సుమ్ వచ్చి కుట్లు చూసింది. కాళ్ళలో మంట లేదు. మొదటి రోజు నుంచే లేదు, అది నమ్మబుద్ధి కావడం లేదు. కుడిపాదం మాత్రం పైకి లేవడం లేదు, వేలాడుతోంది. వేళ్ళు కదులుతున్నాయి, చీలమండ దగ్గర లేవదు.

"రావచ్చు. రాకపోవచ్చు. నరానికి టైం పడతాది. నేను ఇంకొంచెం ముందే వదులు చేసుంటే బాగుండేదేమో" అంది ఆమె. అలసిపోయి ఉంది.

ఇప్పుడు ప్రతిదానికీ భయమే. దగ్గితే లోపల కడ్డీ విరుగుతుందేమో అని భయం. పక్కకు తిరిగితే జాలి జారిపోతుందేమో అని భయం. నిలబెట్టినప్పుడు మొదటి రోజు కళ్ళు తిరిగాయి, నర్సు పట్టుకుంది. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని మంచం చుట్టూ తిరిగాను. కుడిపాదం నేలకు గీసుకుంటూ వచ్చింది. నిటారుగా నిలబడ్డాను. నిటారుగా నిలబడి ఎన్నాళ్ళయిందో, ఇంటి కప్పు ఇంత దగ్గరగా ఉందని మరిచిపోయాను.

బావిలోకి నేను ఇంక ఎక్కను. రాస్తే బాధగా ఉంది. ఈ పొద్దు హుసేనప్ప జల్లెడలు దులిపాడు, చప్పుడు వింటూ పడుకున్నాను. ఒక బేరింగు కీచుమంటోంది. చెప్పి పంపించాను.

చైత్రం, మొదటి వారం

పైన ఎండ మండిపోతోందట. గుమ్మం రాళ్ళు లోపలి వైపు కూడా వేడెక్కాయని చెప్పుకుంటున్నారు. మా వీధిలో మాత్రం గాలి చల్లగా ఉంది.

ఈ రోజు మరుగుదొడ్డికి నా అంతట నేను పోయాను. అది మా వరస చివర ఉంది. ఇన్నాళ్ళూ మంచం దగ్గరే బేసిన్, ఈరన్న పెట్టడం, ఈరన్న తీయడం. స్టాండు ముందుకు పెట్టి, కుడికాలు ఈడ్చి, ఎడమకాలు వేసి, మళ్ళీ స్టాండు. ఈరన్న చేతులు చాచుకుని వెనకే వచ్చాడు. వీధిలో ఆడవాళ్ళు చూసి దారి ఇచ్చారు.

"నేనూ లోపలికొస్తా" అన్నాడు.

"వద్దు."

"కొత్త కడ్డీలు మే. పడితే?"

"బయటుండు."

తలుపు వేసి గడియ పెట్టాను. వెంటనే ఆయన గొంతు వినపడింది.

"గడియ పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"పడితే తలుపు ఎట్ల తియ్యాల నేను?"

పడను అని చెప్పలేకపోయాను. "పడితే అరుస్తాలే" అన్నాను.

గోడకు కొట్టిన కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. ఏమీ రాలేదు. రాదేమో అనుకున్నాను. వచ్చినా చప్పుడుతోనే తెలుస్తుందేమో, ఇంక జీవితమంతా అంతేనేమో అనుకున్నాను. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. చప్పుడు కంటే ముందే తెలిసింది, వెచ్చగా, నాదిగా.

తలుపు అవతల ఈరన్న ఆపకుండా మాట్లాడుతున్నాడు. తోటలో రెండో గట్టు పుట్టగొడుగులు నల్లబడుతున్నాయని, తేమ ఎక్కువైందేమోనని, రేపు పొడిగడ్డి మార్చాలని. భయమేసినప్పుడు ఆయన అట్లానే మాట్లాడతాడని ఇన్నేళ్ళకు తెలిసింది.

"అయిందా మే?" అన్నాడు.

"ఇంకా లేదు, ఉండు" అన్నాను.

అయిపోయింది. అయినా ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను.